తల దాచుకున్న చిక్కుడు గింజ

ఒకప్పుడు చిక్కుడు మొలక నిటారుగా, తలెత్తుకుని, మట్టిని తోసుకుంటూ వచ్చేది. అబ్బో, ఎంత దర్జా దానికి!

ఆ రోజుల్లో ఓ కొండవార ఊళ్లో నూకాలమ్మ అనే అవ్వ ఉండేది. తొలకరి పడగానే పిల్లలందర్నీ పెరట్లోకి తోలుకెళ్లేది. ఆకులు నలిపి వాసన చూపించేది. తలో గింజ చేతిలో పెట్టి పాతించేది. ఒకరికి బెండ, ఒకరికి బీర. ఓ ఏడు మంగతాయి అనే పిల్లకి చిక్కుడు వచ్చింది.

అందరివీ మొలిచాయి, మంగతాయిది తప్ప. ఎలా మొలుస్తుంది? ఆ పిల్లకి కాలు నిలవదు, చెయ్యి ఊరుకోదు. "వేరొచ్చిందా? ఆకొచ్చిందా?" అంటూ పొద్దున తవ్వేది, మధ్యాహ్నం తవ్వేది. పాపం, వేలు తగిలి లేత తల పుటుక్కున విరిగిపోయేది. అవ్వ ఇంకో గింజ ఇచ్చేది. దాని గతీ అంతే.

చివరికి అవ్వ విత్తనాలు దాచే సొరబుర్రని బోర్లించి దులిపింది. ఒక్క గింజ రాలింది.

"ఇదే ఆఖరుది తల్లీ. ఇదీ పోతే ఇక మన ఊళ్లో చిక్కుడు పాదన్నదే ఉండదు."

మంగతాయి రెండు చేతులూ చాపి దాన్ని అందుకుంది. గింజని పాతి, చేతులు వెనక్కి కట్టుకుంది. ఆ చేతులు ఊరుకుంటేనా! గంతులేసింది, గోడెక్కింది, దిగింది, మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంది. మర్నాడు ఇక ఆగలేక మట్టిలోకి వేలు పోనిచ్చింది.

"అమ్మో, వచ్చేశావా!" లోపల్నుంచి గింజ కెవ్వుమంది. "నా తల! నా తల జాగ్రత్త!"

మంగతాయి ఉలిక్కిపడి వేలు లాగేసుకుంది. "నువ్వు చచ్చిపోయావేమోనని భయమేసింది," అంది ఏడుపు గొంతుతో.

"చూసి చూసే కదే మావాళ్లందర్నీ చంపావు!"

"మరి బతికున్నావని నాకెలా తెలుస్తుంది?"

గింజ ఆలోచనలో పడింది. ఈ పిల్ల ఊరుకునే రకం కాదు. "సరే, ముందు మెడ ఒక్కటే బయట పెడతా. తల మట్టిలోనే ఉంచుకుంటా. నువ్వు ముట్టుకోకపోతేనే తలెత్తుతా. ముట్టుకున్నావో, అంతే సంగతులు!"

కొన్నాళ్లకు మట్టి పగిలింది. తెల్లటి మెడ వంగి బయటికొచ్చింది. మంగతాయి చేతులు రెండూ చంకల్లో ఇరికించుకుని పాదు చుట్టూ తిరిగింది. కూర్చోలేదు, అన్నానికీ వెళ్లలేదు. ముట్టుకోలేదు.

ఎండెక్కాక గింజ మెల్లగా తలెత్తింది. రెండాకులు విప్పింది.

"అవ్వా! ముట్టుకోలేదు! నేను ముట్టుకోలేదు!" అని మంగతాయి ఊరంతా వినబడేలా అరిచింది.

అప్పటినుంచే చిక్కుడు మొలక మెడ వంచి, తల మట్టిలో దాచుకుని బయటికొస్తుంది. చుట్టుపక్కల ఏ పిల్ల వేలూ లేదని నమ్మకం కుదిరాకే తలెత్తి లోకాన్ని చూస్తుంది.