మస్తాన్‌కు చెప్పని మాట

లినక్స్ పరీక్ష పాసయ్యాక ప్రవల్లికకు పెంచలయ్య సార్ ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కబుద్ధి కాలేదు. పాసైన పిల్లలు ఆ మెట్లు దూకుతూ ఎక్కేవాళ్ళు. ఆమె మాత్రం కింద మందుల షాపు ముందు చాలాసేపు నిలబడిపోయింది. తనతోపాటు పరీక్షకు వెళ్ళిన మస్తాన్ తప్పాడు.

తప్పడమంటే అలా ఇలా కాదు, సున్నా.

ఆ పరీక్షలో జవాబులు రాసేదేమీ ఉండదు. ఒక కంప్యూటర్ మిషన్ ఇచ్చి ఫలానా పనులు చెయ్యమంటారు. టైమయ్యాక దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేస్తారు, రీబూట్ అంటారు దాన్ని. తిరిగి లేచాక ఏవి పనిచేస్తే వాటికే మార్కులు. మిషన్ లేచేటప్పుడు చదువుకునే ఫైల్లో మస్తాన్ ఒక డిస్కు వివరం తప్పుగా కొట్టాడు. కూర్చున్నంతసేపూ అంతా చక్కగానే నడిచింది. ఆపి ఆన్ చేస్తే మిషన్ అసలు లేవలేదు. దాంతో బాగా చేసిన పనులు కూడా గంగలో కలిశాయి.

పెంచలయ్య సార్ నెల్లూరు టెలిఫోన్ ఆఫీసులో కంప్యూటర్ సర్వర్లు చూసి రిటైరైన మనిషి. పాఠాలన్నీ బోర్డు మీద రాసి చెప్పేవాడు గానీ, ఒక్కటి మాత్రం నోటితోనే చెప్పేవాడు. పరీక్ష దగ్గరపడ్డాక ఒకరోజు, ఇంటికి బయల్దేరిన పిల్లల్ని గుమ్మం దగ్గర ఆపేవాడు.

“కుర్చీలోంచి లేచే ముందు మీరే ఒకసారి రీబూట్ చేసి చూసుకోండి. రానివాళ్ళకు చెప్పండి.”

వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చెప్పేవాళ్ళు. అంతవరకూ ఆ మాట అందక తప్పినవాడు అక్కడ ఒక్కడూ లేడు.

ఈసారి ఆ రోజు మస్తాన్ రాలేదు. వాళ్ళమ్మను కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. సార్ ప్రవల్లిక వైపు తిరిగి, “వాడికి నువ్వు చెప్పమ్మా” అన్నాడు.

చివరికి ప్రవల్లిక ఎలాగో మెట్లెక్కి పైకి వెళ్ళింది. సార్ ఒక్కడే ఉన్నాడు, పాత గుడ్డతో కీబోర్డులు తుడుస్తున్నాడు.

“మస్తాన్‌కు చెప్పినావా?” అని అడిగాడు.

“మర్చిపోయాను సార్.”

సార్ ఇంకో కీబోర్డు తీసుకున్నాడు. తిట్టినా బావుండేది.

“మర్చిపోలేదు సార్,” అంది. “పరీక్షకు పోయేటప్పుడు చెన్నై బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. ఇడ్లీ పొట్లం విప్పి నాకూ పెట్టాడు. సార్ ఇంకేమన్నా చెప్పినాడా అని అడిగాడు కూడా. ఏం లేదన్నాను. పాసైనవాళ్ళకు పెద్దాస్పత్రిలో సర్వర్లు చూసే ఉద్యోగం ఒక్కటే ఉంది కదా సార్. ఇద్దరం పాసైతే మస్తాన్‌కే ఇస్తారని భయం.”

“నీకు వచ్చిందా ఉద్యోగం?”

“వచ్చింది సార్.”

“మంచిది,” అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది.

“ఇప్పుడు నేనేం చేస్తే సరిపోతుంది సార్?”

సార్ లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు. అక్కడి మిషన్లలో ఎవరు లాగిన్ అయినా ముందుగా తెర మీద కనబడే మాటలు రాసుకునే ఫైలు ఒకటుంది. ఇన్నేళ్ళూ సార్ దాన్ని ఖాళీగానే ఉంచాడు. ఇప్పుడు దాన్ని తెరిచి పెట్టాడు.

“టైప్ చెయ్యమ్మా. లేచే ముందు రీబూట్ చేసి చూసుకోండి, అని.”

ప్రవల్లిక టైప్ చేసింది. కళ్ళు మసకబారి అక్షరాలు సరిగ్గా కనబడలేదు, చెరిపి మళ్ళీ కొట్టాల్సొచ్చింది. సార్ ఆ ఫైలును గదిలోని మిషన్లన్నిటికీ పంపాడు.

అంతలో మస్తాన్ వచ్చాడు. మళ్ళీ పరీక్షకు వెళ్ళాలని రోజూ ప్రాక్టీసుకు వస్తున్నాడు. ప్రవల్లికను చూసి నిజంగానే సంతోషపడ్డాడు.

“ఏంది, పాసయ్యి ఉత్తచేతుల్తో వచ్చినావా? స్వీట్లేవి?” అన్నాడు.

ఆమె సార్ కుర్చీలోంచి లేచింది. అతను తన మిషన్ ముందు కూర్చుని లాగిన్ అయ్యాడు. తెర మీది మాటలు చదివాడు. ఇంకోసారి చదివాడు. ముఖంలో నవ్వు పోయింది.

“సార్, ఇది ముందు లేదే. ఎందుకు రాయలా?”

“ఇంతకాలం అవసరం పడలేదబ్బయా,” అన్నాడు సార్.