కిరికా ఎక్కడ ఉంటుంది?

చోడవరంలో మైకుసెట్టు గవరయ్య ఇంట్లో ముగ్గురే మనుషులు. గవరయ్య, అతని భార్య నూకరత్నం, తమ్ముడు తవుడు. ముగ్గురికీ తమ తెలివి మీద మహా నమ్మకం.

"ఊళ్ళో జనం చెప్పినదాంట్లో సగం వింటారు, సగం గాలికి వదిలేస్తారు. మనం అలా కాదు. మాటంటే మాటే," అనేవాడు గవరయ్య.

"తెలివంటే అదే కదా అన్నియ్యా," అనేవాడు తవుడు.

నూకరత్నం తలూపేది. ఎవరూ ఊపమనకుండానే ఊపేదంటే చూడండి, ఆమె వాళ్ళిద్దరికంటే ఒక మెట్టు పైనే!

కిందటేడు నూకరత్నానికి జ్వరం వచ్చి మూడు వారాలు కంటి మీద కునుకు లేదు. తవుడు ఫోన్లో ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కాడు. జపాన్ పిల్ల ఎవరో పాట అందుకుంది. పేరు కిరికా. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ నూకరత్నం హాయిగా నిద్రపోయింది. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పాటే పాట. పెళ్ళిళ్ళలో అప్పగింతలకి కూడా గవరయ్య అదే వేసేవాడు. పెళ్ళికూతుళ్ళు ఏడవడం మానేసి దిక్కులు చూసేవారు.

"ఆ పిల్లని ఒక్కసారి కళ్ళారా చూడాలి. తనకి జ్వరమొస్తే ఎవరు పాడతారో అడగాలి," అనేది నూకరత్నం.

అలా ఉండగా కిరికా పాటకచేరీకి విశాఖపట్నం వస్తోందని తెలిసింది. అభిమాన సంఘం వాళ్ళు తెలుగులో ఒక కాగితం అచ్చేశారు. పైన 'అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు' అని ఉంది, కింద జవాబులు. ముగ్గురూ చాప మీద కూర్చుని చదివారు.

'టికెట్లు ఉన్నాయా? వేడి వేడి బజ్జీల్లా అమ్ముడుపోతున్నాయి. త్వరపడండి.'

ఇంకేముంది, ముగ్గురూ బజ్జీల బండి దగ్గరికి పరుగెత్తారు. నలభై బజ్జీలు వేయించి, ఒక్కొక్కటే చీల్చి చూశారు. మిరపకాయలే వచ్చాయి. "చల్లారిపోయాయి, అందుకే లేవు," అన్నాడు తవుడు. ఇంకో నలభై వేయించి పొగలు కక్కుతుంటే చీల్చారు. వేళ్ళు కాలాయి గానీ టికెట్టు దొరకలేదు.

బండావిడ తల పట్టుకుంది. "ఓలమ్మో, టికెట్లు నా బజ్జీల్లో ఉంటాయేటి? ఫోన్లో ఉంటాయి!"

అంతే, ఇంటికొచ్చి ఫోన్ విప్పేశారు. రేకు తీశారు, బ్యాటరీ పీకారు, చివరికి అద్దం కూడా ఊడదీశారు. ఆ ముక్కలన్నీ చేటలో పోసుకుని ఫోన్లు బాగుచేసే నాగరాజు దగ్గరికెళ్ళి, "బాబూ, ఇందులో మా టికెట్లు ఎక్కడున్నాయో కాస్త చూడు," అన్నారు. అతను నవ్వలేక ఏడవలేక, తన ఫోన్లోంచే మూడు టికెట్లు తీసిచ్చాడు.

"చూశావా, ఈయన ఫోన్లో ఉన్నాయి. మనం వేరే ఫోన్లో వెతికాం," అన్నాడు గవరయ్య.

మళ్ళీ కాగితం తీశారు.

'కిరికా ఎక్కడ ఉంటుంది? అభిమానుల గుండెల్లో ఉంటుంది.'

నూకరత్నం గుండె మీద చెయ్యేసుకుని, "ఇక్కడే ఉందేటి? ఇన్నాళ్ళూ నేను బోర్లా పడుకున్నానే!" అని గగ్గోలు పెట్టింది. తెల్లారగానే అనకాపల్లిలో గుండె డాక్టరు దగ్గరికెళ్ళారు.

డాక్టరు నూకరత్నాన్ని పరీక్ష చేసి, "నీ గుండెలో ఏమీ లేదమ్మా. హాయిగా ఇంటికెళ్ళు," అన్నాడు.

ఆమె బావురుమంది. "ఎలిపోనాది! నేనేం తక్కువ చేశానని ఎలిపోనాది!"

డాక్టరుకి ఏమీ పాలుపోక గవరయ్య ఛాతీ మీద గొట్టం పెట్టాడు. కాసేపు విని, "మీకు మాత్రం ఏదో చిన్న చప్పుడు వినిపిస్తోంది," అన్నాడు.

"పాడతన్నాది!" అని గంతేశాడు తవుడు.

"కంగారేం లేదు. మందు వాడితే పోతుంది."

గవరయ్య చొక్కా బొత్తాలు గబగబా పెట్టేసుకున్నాడు. "పోగొడతావా? జపాన్ నుంచి అంత దూరం వచ్చిన ఆడపిల్లని మందు పెట్టి పోగొడతావా? నువ్వేం డాక్టరువయ్యా!" అని లేచి వచ్చేశాడు. ఇంటికెళ్ళే దాకా బస్సులో నూకరత్నం మొగుడి ఛాతీకి చెవి ఆనించుకునే కూర్చుంది. తవుడు తన వంతు ఎప్పుడని అడుగుతూనే ఉన్నాడు.

కాగితంలో ఇంకొకటి మిగిలింది.

'వేదిక మీద కిరికా ఎలా ఉంటుంది? ఆమె అడుగుపెడితే వేదికకి నిప్పంటుకోవాల్సిందే!'

ముగ్గురి ముఖాలూ పాలిపోయాయి. "ఇంత తెలిసీ ఎవరూ పట్టించుకోరేటి?" అన్నాడు గవరయ్య. కచేరీ రోజు సాయంత్రం ముగ్గురూ మూడు బిందెల నిండా నీళ్ళతో విశాఖపట్నంలో దిగారు.

గేటు దగ్గర కాపలాదారు ఆపాడు. "నీళ్ళు లోపలికి తేకూడదు."

మాటంటే మాటే కదా. నీళ్ళు అక్కడే పారబోసి, ఖాళీ బిందెలతో లోపలికెళ్ళి, లోపలి కుళాయి దగ్గర నింపుకున్నారు.

దీపాలు ఆరాయి. వేదిక మీద ఎర్రటి వెలుగు, తెల్లటి పొగ. పొగ మధ్యలో తెల్ల గౌనులో కిరికా. "కాలిపోతన్నాది!" అని కేకేసి ముగ్గురూ ఒక్క ఉరుకున మూడు బిందెలూ గుమ్మరించారు. ఫట్‌మని మైకు మూగబోయింది. కిరికా తడిసి ముద్దయింది.

జనం గోల. కాపలావాళ్ళు అన్నదమ్ములిద్దరి రెక్కలు పట్టుకున్నారు. నూకరత్నం మాత్రం ఎవరికీ దొరక్కుండా వేదిక ఎక్కి, చెంగుతో ఆ పిల్ల తల తుడుస్తూ, "ఎక్కడైనా కాలిందా తల్లీ?" అని ఏడుస్తోంది. కిరికా మాటలు తెలుగులో చెప్పే అమ్మాయి ఒకతి వచ్చి సంగతంతా కిరికాకి జపాన్ భాషలో చెప్పింది. కిరికా విన్నది, నవ్వింది, నవ్వలేక చతికిలబడింది.

"ఒక్క మాట అడుగు. జ్వరమొస్తే తనకెవరు పాడతారు?" అంది నూకరత్నం.

కిరికా నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఏ అభిమానీ అడగని ప్రశ్న. "ఎవరూ పాడరట. ఒక్కతే ఉంటుందట," అని చెప్పింది ఆ అమ్మాయి.

నూకరత్నం ఆ తడి తలని ఒళ్ళో పెట్టుకుని, వచ్చీరాని జపాన్ మాటలతో కిరికా పాటే కిరికాకి పాడింది. అన్నీ తప్పులే. జనం గోల మాని విన్నారు. రెండో చరణంలో కిరికా కూడా గొంతు కలిపింది.

వెళ్ళేటప్పుడు కిరికా ఏదో చెప్పింది. "మీరెప్పుడైనా జపాన్ రండి. మా ఇంటి తలుపులు మీకోసం ఎప్పుడూ తెరిచే ఉంటాయి అంటోంది," అంది ఆ అమ్మాయి.

ఇంటికొచ్చాక నూకరత్నానికి ముద్ద దిగలేదు. "ఒంటరి పిల్ల. రాత్రీ పగలూ తలుపులు బార్లా తీసుకుని కూర్చుంటే దొంగలు పడరా?"

మర్నాడే గవరయ్య బజారుకెళ్ళి అన్నింటికంటే పెద్ద తాళంకప్ప కొన్నాడు, నొక్కితే చాలు పడిపోయే రకం. గుడ్డలో చుట్టి, చీటీ రాసి, పోస్టులో జపాన్‌కి పంపించారు. 'అమ్మా కిరికా, మాకోసం తలుపులు తెరిచి ఉంచకు. లోపలికెళ్ళి గడియకి ఈ తాళం వేసుకుని పడుకో.'

తాళంచెవి మాత్రం పంపలేదు. దారిలో ఎవరి చేతిలోనైనా పడితే ప్రమాదమని నూకరత్నం దాన్ని తన పసుపుతాడుకి కట్టుకుంది.