గట్టు మీది మనిషి

మా అయ్యవారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు తొడుక్కునేవారు. వెనకాల మేం నడవాలి. ఎండకు మాడేవి మా తలలే, నేర్చుకోవలసిందీ మేమే కనుక ఆయన్ను అని లాభం లేదు.

ఆ రోజు ప్రశ్న మాతో చదువుకునే వేదాద్రిది. అతనికి అమ్మానాన్నా లేరు. చెల్లెలు కమలాక్షీ, అతనూ, అంతే ఇల్లు. ఆ పిల్ల పొద్దున "నువ్వే నా దేవుడివన్నా" అంటుంది. అతను బజారు నుంచి అరగంట ఆలస్యంగా వస్తే చాలు, "నీ అంత ద్రోహి లేడు" అని కంచం విసిరికొడుతుంది. పొమ్మని అరుస్తుంది, గుమ్మం దాటబోతే కాళ్లు పట్టుకుని, నువ్వు పోతే నేను బతకనంటుంది. ఒకసారి అన్నంత పనీ చేయబోయింది. పట్నం డాక్టరు ఆ జబ్బుకేదో పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పి, వైద్యం మొదలుపెట్టి, కుదుటపడటానికి కాలం పడుతుందన్నాడు.

"అయ్యవారూ, నాకు ఊపిరాడటం లేదు. ఇల్లు వదిలేసి ఇక్కడే మీ దగ్గర ఉండిపోనా?" అన్నాడు వేదాద్రి. మాటమాటకీ ఫోను తీసి చూసుకుంటున్నాడు.

అయ్యవారు చెప్పులు తొడుక్కున్నారు.

పక్క పొలంలో పాత బావికి పూడిక తీస్తున్నారు. ఓబులేసు అనే పనివాడు బావి గట్టు మీద మోకుతాడు పట్టుకుని నిలబడ్డాడు. అతని తమ్ముడు లోపల మట్టి తవ్వి గంపకెత్తుతున్నాడు. గంప పైకొచ్చిన ప్రతిసారీ ఓబులేసు లోపలికి వంగి "ఉండానురా" అంటున్నాడు. ఆ పనిలో అది ఆనవాయితీ అట.

ఒకసారి గంప కుమ్మరించి రావడం కాస్త ఆలస్యమైంది. అంతే, లోపలి నుంచి బూతులు మొదలయ్యాయి. "నన్నీడే పూడ్చిపెట్టి పోదామనుకుంటివా? నువ్వూ దిగు, తెలుస్తుంది!"

"దిగను. నేనూ దిగితే మనిద్దర్నీ లాగేదెవరు? ఉండానురా, గంప కట్టు" అన్నాడు ఓబులేసు. కాసేపాగి, "నీళ్లు తాగొస్తా. నువ్వు ఇంకో గంప నింపేలోగా వస్తా" అని చెప్పి, మోకు రాటకు కట్టి వెళ్లాడు. లోపల అరుపులు ఎక్కువయ్యాయి. వేదాద్రి ఉండబట్టలేక గట్టు దగ్గరికి ఉరికాడు. ఓబులేసు మాత్రం పరిగెత్తలేదు, ఆలస్యమూ చేయలేదు. వచ్చి, వంగి, "వచ్చినానురా" అన్నాడు. లోపల అరుపు ఆగింది. మెల్లగా మోకు బిగిసింది.

"అన్నేసి మాటలంటుంటే నీకు కోపం రాదా?" అని అడిగాడు వేదాద్రి.

"ఎందుకు రాదు సామీ? వాడు తిట్టేది మా అమ్మను, వాడికీ అమ్మే గదా. పైకొచ్చినాక ఆ మాట గట్టిగానే అడుగుతా. ఆడ నుంచి చూస్తే ఆకాశం పళ్లెమంత కనబడుతుంది సామీ. దాంట్లో నా తలకాయ ఉంటే నేనున్నట్టు, లేకుంటే వదిలేసి పోయినట్టే. నేనూ దిగినోణ్ణే, నాకు తెలుసు."

తిరిగి వస్తుంటే అయ్యవారు వేదాద్రిని అడిగారు.

"పొద్దున బయల్దేరేటప్పుడు చెల్లెలికి చెప్పి వచ్చావా?"

"లేదండీ. చెబితే గొడవవుతుందని, తను నిద్రలో ఉండగానే తలుపు దగ్గరికేసి వచ్చేశాను."

అయ్యవారు నిలబడిపోయారు. పొద్దు ఎంత ఎక్కిందో తలెత్తి చూశారు.

"ఈపాటికి లేచే ఉంటుంది" అన్నారు.