రాజుగారి కావ్యకన్య

ఒకానొక రాజ్యంలో వానలు కురవడం మానేశాయి గాని, రాజుగారి మీద పొగడ్తలు కురవడం మానలేదు. ఆ రాజ్యం కొమరగిరి. ఆ రాజు ప్రచండవర్మ.

ఏటేటా ఆయన కవితల పోటీ పెట్టేవాడు. గెలిచిన కావ్యాన్ని నిండు సభలో అంకితం పుచ్చుకునేవాడు. ఆ కాలంలో కావ్యమంటే కన్యే. రాసినవారు కన్నవారు, అంకితం పుచ్చుకున్నవాడు పెనిమిటి. తాళపత్రాలకు పసుపు రాసి, పీటల మీద కూర్చుని, మేళతాళాలతో అందుకోవాలి. పెళ్ళికి ఏమాత్రం తీసిపోదు.

కిందటేడు రాజుగారికి తానే కవినన్న పిచ్చి పట్టింది. మారుపేరుతో పోటీలో దిగాడు, ఓడిపోయాడు. గెలిచిన కవికి కుడిచేతి బొటనవేలు తెగింది. ఆ చెయ్యి మళ్ళీ గంటం పట్టలేదు. అది చూశాక, ఈ ఏడు రాజ్యంలోని కవులందరికీ ఒకేసారి జ్వరం వచ్చింది.

వచ్చిన పద్యాలు రెండే. ఒకటి పేరు లేనిది, ఎవరిదో అందరికీ తెలిసినది. రెండోది, ఈ సంగతులేవీ తెలియక ఎక్కడో మెట్టసీమ నుంచి నడిచొచ్చిన మాచమ్మ అనే ముసలామెది.

తీర్పు చెప్పవలసింది నాగసాని. ఆ సభలో ఉన్న పండితురాలు ఆమె ఒక్కతే, భయం లేని నోరూ ఆమెదొక్కటే.

మొదటి పద్యం చదివింది. రాజుగారి మీసం నలుపు చూసి మేఘాలు సిగ్గుపడి దేశం విడిచి పోయాయట.

సభ చప్పట్లు కొట్టింది.

"వానలెందుకు లేవో ఇప్పటికి తెలిసింది మహాప్రభూ," అంది నాగసాని.

అదీ పొగడ్తే అనుకుని రాజు మీసం దువ్వాడు.

రెండోది చదివింది. "పొయ్యిలో పడుకున్న పిల్లి కూడా ఆకలికి చచ్చిపోయింది. నా బిడ్డల్ని పూడ్చి ఇంటికొస్తే, గుమ్మంలో రాజుగారి శిస్తు బంటు కూర్చుని ఉన్నాడు."

ఈసారి సభ తలలు దించుకుంది.

"ఆ ముసలిదాని నాలుక కొయ్యండి!" అని అరిచాడు రాజు.

భటులు రెక్క పుచ్చుకున్నారు. మాచమ్మ ఏడవలేదు. "కొయ్యి దొరా. తిండి లేని నోటికి నాలుకెందుకు?" అంది.

"ఆగండి," అంది నాగసాని. "తీర్పు చెప్పకముందే నెత్తురు కారితే పీటలు మైలపడతాయి. అంకితం కాస్తా ఆగిపోతుంది."

అది ఆగడం రాజుకి ఇష్టం లేదు. "సరే, చెప్పు. చెప్పేముందు నీ బొటనవేలు ఓసారి చూసుకో."

"చూసుకునే చెబుతున్నాను. మొదటిదే గెలిచింది. ఆ కన్యను కన్నవారు లేచి రావాలి."

"నేనే! కన్నది నేనే!" రాజు సింహాసనం మీంచి దూకినంత పని చేశాడు.

"సంతోషం. మరి పెళ్ళికొడుకు ఎవరు మహాప్రభూ?"

"నేనే," అనేశాడు అదే ఊపులో.

"కన్నతండ్రీ తమరే, కట్టుకునే మొగుడూ తమరే! పురోహితులవారూ, ఇలాంటి పెళ్ళికి ఏ మంత్రం చదువుతారు?"

పురోహితుడు చెవులు మూసుకున్నాడు. రాణిగారు లేచి లోపలికి వెళ్ళిపోయింది.

రాజు మొహం కందగడ్డయింది. "ఆ పద్యం... వెనక్కి తీసుకుంటున్నాను."

"చిత్తం. కాని వాల్చిన పీటలు ఖాళీగా ఉంచకూడదు. మిగిలింది ఒక్కటే కన్య. పుచ్చుకుంటే మాచమ్మ తమకు అత్తగారు. అత్తగారి నాలుక కోయించాలనుకున్న అల్లుళ్ళు లోకంలో బోలెడు మంది. నిండు సభలో కోయించినవాడు మాత్రం ఇంతవరకు లేడు."

మూల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. తనూ నవ్వకపోతే సభ తనను చూసి నవ్వుతుందని రాజుకి అర్థమైంది. పగలబడి నవ్వాడు. మెడలో హారం తీసి నాగసానికిచ్చాడు. భటులు మాచమ్మ చెయ్యి వదిలారు. రాజు పీటల మీద కూర్చుని ఆమె తాళపత్రం అందుకున్నాడు.

"అత్తగారూ, ఏం కావాలో కోరుకోండి," అన్నాడు ఇంకా నవ్వుతూనే.

"మా ఊరికి గింజలు పంపించు బాబూ."

"ఓస్, అంతేనా! ఎంతమందికి?"

మాచమ్మ పేర్లు గొణుక్కుంటూ వేళ్ళు మడిచింది. ఒక చేతి వేళ్ళు పూర్తికాక ముందే ఆగిపోయింది.

"అంతే బాబూ," అంది.

రాజుగారి నవ్వు ఆగిపోయింది. గింజల బండి ఆ పూటే కదిలింది.