కౌముది మోసుకొచ్చిన స్టూలు

ప్రశ్న అడిగితే మా యోబు మాస్టారు జవాబు చెప్పరు. చేతిలోని టీ గ్లాసు కిటికీలో పెట్టి, "పదండి, అలా వెళ్లొద్దాం" అంటారు. కాకినాడ జగన్నాథపురంలో ఒక దర్జీ కొట్టు మీది గదిలో ఆయన గిటారు నేర్పుతారు. శ్రుతి తప్పితే ఏమీ అనరు గానీ, "ఇదెందుకిలా మాస్టారూ?" అన్నామా, మెట్లు దిగాల్సిందే. అందుకే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మా క్లాసులో సందేహాలు పెట్టుకోరు.

ఈమధ్య మమ్మల్ని అలా మెట్లు దింపిన ప్రశ్న కౌముదిది. పగలంతా మందుల షాపులో పని చేసి, సాయంత్రం నేరుగా క్లాసుకి వస్తుంది. మా అందరిలోకీ బాగా వాయించేది తనే. ఈ మాట ఆమె ఎదురుగా మాత్రం అనను. అంటే ఇక పట్టలేం.

కిందటేడు ఊళ్లో సంగీత సంఘం వాళ్లు ఒక కల్యాణమండపంలో కార్యక్రమం పెట్టి, ఆమెకు తొలి అవకాశం ఇచ్చారు. తీరా వేదికెక్కితే కూర్చోవడానికి ఉన్నది ఒక్కటే, పెళ్లివారి సింహాసనం. ఎర్ర మఖమలు పరుపు, చేతులు ఆనించే చోట బంగారు రంగు సింహాలు రెండు. గిటారు ఒళ్లో పెట్టుకుంటే కుడివైపు సింహం పొట్టకి తగులుతోంది, ఎడమవైపు సింహం మోచేతిని కదలనివ్వడం లేదు. ముందు వరసలోంచి ఎవరో పెద్దాయన, "పెళ్లికొడుకేడమ్మా?" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. రెండో చరణంలో కౌముది చేతులు ఆగిపోయాయి. లేచి, దణ్ణం పెట్టి, దిగి వచ్చేసింది. తర్వాత ఎవరడిగినా "కుర్చీ బాలేదు" అనేది, అంతే.

మళ్లీ ఇన్నాళ్లకి ఆ సంఘం వాళ్లే పిలిచారు. కరపత్రం అచ్చుకి వెళ్లాలి, వస్తారో రారో వారంలోగా చెప్పండి అన్నారు. "ఈసారి కూడా మధ్యలో ఆగానంటే గిటారు అటకెక్కుతుంది, మళ్లీ దించను" అని కౌముది మా ముందే అంది. ఆ మాట నవ్వుతూ అనలేదు. అందుకని నేనూ నవ్వలేదు. నాకిది కష్టమైన పని.

అయితే ఆమె ఊరికే కూర్చోలేదు. ఆసనాల మీద పరిశోధన చేసింది. మొదట ఒక మెత్తటి బల్ల తెచ్చింది. కూర్చుంటే స్వర్గమే గానీ, దాన్ని ఆటో ఎక్కించడానికి ఇద్దరు కావాలి. తర్వాత చేపలు పట్టేవాళ్లు వాడే గుడ్డ స్టూలు తెచ్చింది. సంచిలో పడుతుంది గానీ, కూర్చున్న మనిషి మోకాళ్లు గెడ్డం దాకా వస్తాయి. చివరికి మడత స్టూలు ఒకటి దొరికింది. నల్లటి మెత్త, సన్నటి ఇనుప కాళ్లు, చేతులు లేవు, కిర్రుమనదు, భుజానికి తగిలించుకోవచ్చు. కార్యక్రమానికని కొన్న కొత్త ఎత్తు మడమల చెప్పులు వేసుకుని, స్టూలు కొన్న షాపులోనే గిటారు పెట్టుకుని కూర్చుని చూసిందట. తొడలు నేలకి సమంగా వచ్చాయి, వీపు నిటారుగా నిలిచింది. ఆ స్టూలుకి నేను 'పల్లకి' అని పేరు పెట్టాను. ఆమె పట్టించుకోలేదు.

"మాస్టారూ, వాయించేవాళ్లకి ఇంతకంటే మంచి ఆసనం ఉంటుందా?" అని గడువు చివరి రోజు సాయంత్రం అడిగింది.

మాస్టారు స్టూలుని చూశారు, ఆమెని చూశారు. టీ గ్లాసు కిటికీ ఎక్కింది. "కింద దర్జీగారి అమ్మాయికి ఇవాళ సీమంతం. వీణ వాయించేవాళ్లు రాలేదని ఇందాకే కబురెట్టారు. పద, అది పట్టుకుని."

సీమంతంలో వీణ వినిపించాలని, కడుపులో బిడ్డ వింటుందని పెద్దవాళ్ల నమ్మకం. వీణ బదులు గిటారా అని నేను గొణిగితే మాస్టారు, "దానికీ తీగలే కదురా" అన్నారు.

దర్జీగారి ఇల్లు కొట్టు వెనకే. హాలు నిండా ఆడవాళ్లు, పూలు, గాజుల చప్పుడు. మధ్యలో చేతుల కుర్చీలో దర్జీగారి అమ్మాయి సత్యవేణి. మెడ నిండా దండలు, మోచేతుల దాకా గాజులు. పాదాలు వాచి ఉన్నాయేమో, వాటి కింద ఒక చెక్క పీట వేశారు. పొద్దుటి నుంచీ అలాగే కూర్చోబెట్టారని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

సత్యవేణి తల్లి నూకరత్నంగారు ఎదురొచ్చి కుర్చీ వేయబోయింది.

"వద్దండీ, నాది తెచ్చుకున్నాను" అని కౌముది చాలా హుందాగా స్టూలు విప్పింది. సత్యవేణికి ఎదురుగా వేసి కూర్చుంది. గిటారు ఒళ్లోకి తీసుకుంది.

అప్పుడు తెలిసింది. గుమ్మం దగ్గర అందరం చెప్పులు విప్పాం. అందరితోపాటు కౌముదీ విప్పింది. ఎవరింటికి వెళ్లినా, ఏ వేదిక ఎక్కినా చెప్పులు బయటే వదిలే జాతి మనది. ఆ సంగతి కాళ్లకి గుర్తుంటుంది, లెక్కలు వేసుకునేటప్పుడు మాత్రం బుర్రకి గుర్తుండదు. ఎత్తు మడమలకి సరిపోయిన స్టూలు ఉత్తి పాదాలకి సరిపోలేదు. మునివేళ్లు మాత్రమే నేలకి ఆనాయి. తొడలు ముందుకి వాలాయి. గిటారు జారుబండ ఎక్కింది.

కౌముది మొదలుపెట్టింది. ఎడమచెయ్యి తీగలు నొక్కాలి, జారే గిటారునీ ఆపాలి. ఒక చేతికి రెండు ఉద్యోగాలు. మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. గిటారు మరికాస్త జారింది. గోడకానుకుని కూర్చున్న ముసలమ్మ ఒకావిడ, "బిడ్డ జారిపోతోందే తల్లీ, సరిగ్గా ఎత్తుకో!" అంది. హాలంతా నవ్వింది.

కౌముది ముఖం ఆ కల్యాణమండపంలో చూసిన ముఖమే అయింది. మెడ వంచేసింది. తీగల మీద వేళ్లు నెమ్మదించాయి. నేను మాస్టారి వంక చూశాను, ఏదైనా చెయ్యండీ అన్నట్టు. ఆయన ఆకులో పెట్టిన చలిమిడి ముద్దని శ్రద్ధగా తింటున్నారు.

అప్పుడు నేల మీద ఏదో రాసుకున్న చప్పుడైంది. సత్యవేణి తన పాదాల కింది పీటని కాలితో ముందుకి నెడుతోంది. కొంచెం నెట్టి, ఆయాసపడి, మళ్లీ కొంచెం నెట్టింది. అది వచ్చి కౌముది ఎడమకాలికి తగిలింది.

"కాలితో తోశానని ఏమనుకోకండక్కా" అంది సత్యవేణి, పొట్ట మీద చెయ్యి వేసుకుని. "వంగలేను. దాని మీద కాలెట్టుకోండి. నాకూ పొద్దున్నుంచీ ఇదే బాధ, కూర్చోమంటారు గానీ ఎలా కూర్చోవాలో చెప్పరు."

"ఒసేయ్, కాళ్లు వాస్తాయే!" అంది నూకరత్నంగారు.

"రేపూ వాస్తాయి లేమ్మా. పాట రేపుంటదా?"

జారే బిడ్డ గురించి చెప్పిన ముసలమ్మే పాక్కుంటూ వచ్చి, పీటని కౌముది కాలి కిందికి సర్దింది. "ఆఁ, ఇప్పుడు వాయించు. ఇందాకటిది ఎంత బాగుందో, జారిపోతుంటే ప్రాణం కొట్టుకుంది" అంది.

కౌముది తలెత్తింది. ఆ హాల్లో ఉన్నవాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూసింది. ఎడమకాలు పీట మీద పెట్టింది. మోకాలు లేచింది, గిటారు వెనక్కి ఒరిగి గుండెకి ఆనింది. రెండో చరణం మొదటి నుంచి ఎత్తుకుంది. ఆగలేదు. దాని తర్వాత మరొకటి, ఆ పైన ఎవరో అడిగితే ఇంకొకటి వాయించింది. సత్యవేణి వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, చెప్పకుండానే నిద్రపోయింది. లోపలివాడి అభిప్రాయం మాకు తెలియలేదు.

గుమ్మం దాటి వీధిలోకి రాగానే కౌముది సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి, "నా పేరు వేసుకోండి" అంది. ఆయన కుర్చీ సంగతి ఏదో ఎత్తినట్టున్నాడు. "ఏదో ఒకటి చూద్దాంలెండి" అని పెట్టేసింది.

కొట్టు మెట్ల దాకా వచ్చాం. నేను ఉండబట్టలేక, "పల్లకి అమ్మేస్తావా? మా ఇంట్లో గ్యాసు సిలిండర్ పెట్టుకోడానికి పనికొస్తుంది" అన్నాను. ఆమె స్టూలుతోనే నా భుజం మీద ఒకటి ఇచ్చింది. అంత తేలికైనదేమీ కాదని అప్పుడు తెలిసింది.

మెట్టు మీద ఆగి అడిగింది. "ఎత్తు తగ్గించినది ఇంకోటి కొననా మాస్టారూ? లేకపోతే ఇదే ఉంచుకుని, కాలికింద ఒక పీట చేయించుకోనా?"

మాస్టారు అప్పటికి నాలుగు మెట్లు పైన ఉన్నారు. వెనక్కి తిరగలేదు.

"స్టూలు నీ ఇష్టమమ్మా, ఏదైనా పట్టుకెళ్లు. పీట మాత్రం పట్టుకెళ్లకు. అది వినేవాళ్లు తోస్తారు."