పెద్ద పడవ పూచీ

కోట గంట నాలుగు కొట్టేసరికి ఎల్లాజీ ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అన్నదమ్ములంతా కలరాకి పోయాక ఇంట్లో మిగిలింది అతనొక్కడే. వేటకెళ్తే వచ్చాడా లేదా అని చూసే దిక్కు లేదు.

అప్పుడే దివాను పల్లకీ దిగాడు. వెనకే ఊరంతా మూగింది.

“ఒంటిగాడివి, రెండు పడవలెందుకురా? ఒకటి నాకివ్వు. నీకేది కావాలో నువ్వే కోరుకో.”

ఒంటిగాడు ఆరుగురు తెడ్లు వేసే పెద్ద పడవ కోరలేడని ఆయన ధీమా.

“నాకు చిన్నది చాలు బాబూ. మా ఇంటి పెద్ద పడవ తమరే తీసుకోండి. దాని పూచీ కూడా తమదే. దీపాలవేళకి ఎవరి పడవైనా రాకపోతే పెద్ద పడవ వెతకడానికెళ్లాలి, యజమాని దాని ముందు భాగాన కూర్చోవాలి. తాతలనాటి కట్టుబాటు. రేపటి నుంచి ఒక్కణ్ణే వెళ్తాను, కాస్త కనిపెట్టుకుని ఉండండి.”

నీళ్లంటే దివానుకు వణుకు. ఊరంతా చూస్తుండగా వెనక్కి తగ్గితే పరువు పోతుంది.

“కట్టుబాటు మాకు తెలియదా?” అని మీసం దువ్వాడు.

“ఆ మీసం తడిసిపోగలదు, జాగ్రత్త బాబూ!” అందో ముసలమ్మ.

అందరూ వెళ్లిపోయారు. పెద్ద పడవను లాక్కెళ్లిన జాడ ఇసుకలో మిగిలింది. పడవలో అన్నదమ్ములు కూర్చునే చోట్లు తలుచుకుంటూ ఎల్లాజీ చాలాసేపు దాన్నే చూశాడు.

కొన్నాళ్లకి తెలిసింది. రోజూ పొద్దుగూకేవేళ దివాను నౌకరు ఒడ్డున నిలబడుతున్నాడట. ఎల్లాజీ పడవ ఒడ్డెక్కిందని కబురందేదాకా దివాను అన్నం ముట్టడం లేదట.