ఒస్తాదు గారి పసివాడు

చిత్రగిరి రాజు ప్రతాపభూపతికి పెద్దవాళ్ల కుస్తీలు చూసి చూసి మొహం మొత్తింది.

"ఈ ఏడు నా పుట్టినరోజుకి పిల్లల కుస్తీలు పెట్టండి. పన్నెండేళ్ల లోపు వాళ్లే దిగాలి. గెలిచినవాడికి మన తాలింఖానాలో తిండి, గుడ్డ, చదువు, సాము... అన్నీ మనవే!" అని సభలో చెప్పేశాడు.

ఊరూరి నుంచీ పిల్లలు వచ్చారు. అందరిలోకీ జనం కళ్లు ఈరన్న మీద పడ్డాయి. నీలంపాడు మగ్గాలవాళ్ల అబ్బాయి, పదకొండేళ్లవాడు. చూడ్డానికి పీచులా ఉంటాడు గానీ, పట్టుకుంటే చేపలా జారిపోతాడు. ఎదుటివాడు తేరుకునేలోపు వాడి వీపుకి మట్టి అంటించేస్తాడు.

చివరి జతలో ఈరన్నకి ఎదురుగా గోదాలోకి దిగినవాడు బసవడు. రాజ్యంలో పేరుమోసిన వీరగండ ఒస్తాదు శిష్యుడు.

వాడు దిగగానే గోదా ఇరుకైపోయింది. మెడ ఎద్దుమెడ, చేతులు రోకళ్లు. మూతి మీద అప్పుడే మీసం గీకిన కత్తిగాటు. అంతకు ముందు జతలో వాడు విసిరిన పిల్లవాడు, నాగులు, భుజం కీలు తప్పి తల్లి ఒళ్లో ఏడుస్తున్నాడు.

రాజుకి అనుమానం వచ్చింది. "ఒస్తాదూ, వీడికి నిజంగా పన్నెండు నిండలేదా?"

"మొన్న మాఘంలోనే పదకొండు వచ్చాయి ప్రభూ! గేదెపాలు తాగిన ఒళ్లు, కాస్త ఏపుగా ఎదిగాడు. అయినా శిష్యుడి వయసుకి గురువు మాటే సాక్ష్యం. నా మాట కాదంటే నా గురువులందర్నీ అవమానించినట్టే!"

ఒస్తాదు మీసం మెలేసేసరికి రాజు మెత్తబడ్డాడు. "సరే సరే, గురువు మాటే సాక్ష్యం."

ఈరన్న తల్లి రామక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "వచ్చెయ్ నాయనా! గెలుపూ వద్దు, ఏమీ వద్దు. నువ్వు నిక్షేపంగా ఇంటికొస్తే చాలు."

"భయపడి పారిపోయాడంటారే అమ్మా!" అన్నాడు ఈరన్న. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కాళ్లు మాత్రం కదల్లేదు.

అప్పుడు లేచాడు కోనప్ప. రాజుగారి విదూషకుడు. గట్టిగా గాలి వీస్తే గోడ పట్టుకునేంత బక్కమనిషి.

"ప్రభూ, పొరపాటైపోయింది! నా శిష్యుడు ఇంకా ఆడనే లేదు. ముందు ఒస్తాదు గారి పిల్లాడితో వాడికి జత కట్టించండి."

"నీకు కుస్తీ శిష్యుడా!" సభంతా గొల్లుమంది. రాజు కూడా నవ్వి, "తీసుకురా చూద్దాం" అన్నాడు.

కోనప్ప వెంట వచ్చినవాణ్ణి చూసి రాజుకి పొలమారింది. కోట మల్లుల్లో అందరికన్నా పెద్దవాడు దండుమల్లు! కళ్ల నిండా కాటుక, నెత్తిన ఎర్రదారం కట్టిన పిలక, మొలకి గజ్జెలు, చేతిలో పంచదార చిలక.

"పేరేమిట్రా?" అని రాజు అడిగాడు.

"చంటి" అంది గొంతు, బావిలోంచి వచ్చినట్టు.

"పదేళ్లు ప్రభూ," అన్నాడు కోనప్ప. "చద్దన్నం తిన్న ఒళ్లు. కాస్త ఏపుగా ఎదిగాడు."

దండుమల్లు గోదాలో దిగి తొడ చరిచాడు. బసవడు గోదా అంచుదాకా వెనక్కి నడిచాడు.

ఒస్తాదు ఒక్క గెంతు గెంతాడు. "అన్యాయం! వాడి చేతికి చిక్కితే మా కుర్రాడి ఎముకలు సున్నమైపోతాయి! వాడి కూతురి పెళ్లిలో నేను భోజనం చేశానయ్యా!"

"వీడికి గురువుని నేను. గురువు మాటే సాక్ష్యం కదా, ఒస్తాదు గారూ?"

"మాటలు ఎవడిక్కావాలి! కళ్లతో చూడండి! ఆ గీకిన గడ్డం చూడండి, నోరు తెరిపించి జ్ఞానదంతాలు చూడండి! పెద్దవాణ్ణి పిల్లాడి మీదికి వదిలితే అది కుస్తీ కాదు, కసాయితనం!"

కోనప్ప వినయంగా చేతులు జోడించాడు.

"అక్షరాలా నిజం. మరి ముందు ఎవరివాడి నోరు తెరిపిద్దాం?"

బసవడే నోరు తెరిచాడు.

"చూడక్కర్లేదు దొరా. నాకు పందొమ్మిది. వద్దన్నా ఒస్తాదు వినలేదు. ఒక పిల్లాడి భుజం తప్పించింది చాలు, ఇంకొకణ్ణి పట్టలేను."

రాజు పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆగాక మొహం గంభీరంగా పెట్టాడు.

"ఒస్తాదూ, కసాయితనమని తీర్పు నువ్వే చెప్పావు. ఇకమీదట గోదాకి నీ నీడ సోకకూడదు. నాగులు భుజం నయమయ్యేదాకా వైద్యుడి పక్కన కూచుని కట్టు కట్టాల్సింది నువ్వే. ఇకనించి వయసు, బరువు చూడనిదే ఏ పిల్లాడూ గోదాలో దిగకూడదు. బసవా, నిజం చెప్పావు గనక నిన్ను వదిలేస్తున్నా. నీ ఈడువాళ్లతో ఆడుకో. ఈరన్నా, గెలుపు నీదే!"

"నేనింకా గెలవలేదు దొరా," అన్నాడు ఈరన్న. "నాగులికి నయమయ్యాక మేమిద్దరం ఆడతాం."

"అయితే ఇద్దరూ మా తాలింఖానాలోనే ఉండండి!" అంటూ రాజు తన బంగారు కంకణం తీసి కోనప్పకి తొడిగాడు. దండం పెడదామని కోనప్ప చేతులెత్తాడో లేదో, అది జర్రున జారి భుజం దాకా పోయింది. రామక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది.